చివరి సున్నా

పోయిన వారం కథ మా డాబా మెట్ల దగ్గర ఆగింది. మా అత్తమ్మ చాంద్‌బీ పెంచుకునే నల్లకోడి, ఇంత పెద్ద ఇంటిని వదిలిపెట్టి, డాబా మీద సరిగ్గా నీళ్ళ ట్యాంకు పొర్లే పైపు కిందే గంపలో పొదగడానికి కూర్చుంది. పొదుగుతున్న కోడిని కదిలిస్తే గుడ్లు వదిలేసి పోతుందని ఖానాపూర్‌లో పుట్టిన నాకూ తెలుసు, నేను అమ్మీ అని పిలిచే అత్తమ్మకూ తెలుసు. కాబట్టి గంప కదలదు. ఆగాల్సింది నీళ్ళే. ట్యాంకు నిండగానే మోటరు దానంతట అదే ఆగిపోయేలా మా ఆయన గోడకు ఒక డబ్బా బిగించాడు. అమ్మీ ఒక షరతు మీద ఒప్పుకుంది.

"గంప మీద ఒక్క చుక్క పడ్డదా, ఆ డబ్బా పీకి మోరీల పడేస్త. మళ్ళ నా స్విచ్చు నాకే."

ఇక ఈ శనివారం సంగతి.

మా ఆయన పేరు హారిస్. ఇంట్లో నేను ఆ పేరు పలకను. పెద్దల ముందు భర్తను పేరు పెట్టి పిలవడం మా ఇళ్ళలో లేదు. ఏంజీ అంటాను, వినిపించకపోతే గాజులు చప్పుడు చేస్తాను. కానీ ఆఫీసులో మేమిద్దరం ఒకే టీము. అక్కడ ఏంజీ అని రాస్తే అందరూ నవ్వుతారు కదా, అందుకని తప్పనిసరిగా పేరే రాయాలి. హారిస్, ఈ వరుస ఒకసారి చూడు. హారిస్, ఇది ఎందుకిట్లా ఉంది. కీబోర్డు మీద ఆ పేరు కొట్టిన ప్రతిసారీ, వంటింట్లో ఎవరూ చూడకుండా బెల్లం ముక్క నోట్లో వేసుకున్నట్టు ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో ఎవరికైనా ఇంత మంచి ఉద్యోగం దొరికిందా అని నాకు అనుమానం.

మాది కరీంనగర్‌లో చిన్న కంపెనీ. ఇళ్ళలో లైట్లు, ఫ్యాన్లు, మోటర్లు ఫోను నుంచి నడిపించే సాఫ్ట్‌వేర్ తయారు చేస్తాం. మా శ్యాంసుందర్ సార్‌ది ఒక పద్ధతి ఉంది. ప్రోగ్రాం రాసినవాళ్ళు దానికి పరీక్ష రాయకూడదు. పరీక్ష రాసేవాళ్ళు ఏం అడగబోతున్నారో ముందు చెప్పకూడదు. మా పెళ్ళి విందు, వలీమా రోజు బిర్యానీ ప్లేటు చేతిలో పట్టుకునే చెప్పారాయన. "మీరు మొగుడూ పెండ్లాలైతే నాకేంది, పద్ధతి పద్ధతే."

అందుకే శనివారం ఇంటి నుంచి పనిచేసే రోజున హారిస్ పైగదిలో కూర్చుంటాడు, నేను కింద భోజనాల బల్ల దగ్గర. అతని వైపు నుంచి ప్రోగ్రాం దిగుతుంది, నా వైపు నుంచి పరీక్షలు ఎక్కుతాయి. మధ్యలో మెట్ల మీద అమ్మీ చాయ్ కప్పులతో తిరుగుతూ, "ఒక్క ఇంట్ల ఉండి గిట్ల చీటీలు రాసుకునుడేంది," అంటుంది.

ఆ రోజు నా ముందున్న ముక్క పేరు 'విలువ'. ఇంట్లో కొలిచే అంకె ఏదైనా, ఏసీ చల్లదనం కానీ, ఫ్యాను వేగం కానీ, ట్యాంకులో నీళ్ళ శాతం కానీ, ముందు ఈ చిన్న సంచీలో పడాలి. అక్కడి నుంచే మిగతా ప్రోగ్రాం తీసుకుంటుంది. సంచీకి చిల్లు ఉంటే ఇల్లంతా చిల్లే. నేను చేసే యూనిట్ టెస్టు అంటే పెద్ద విద్యేమీ కాదు. ప్రోగ్రాంలో అన్నిటికంటే చిన్న ముక్కను ఒంటరిగా కూర్చోబెట్టి ఒక్క ప్రశ్న అడగడం. జవాబు మనం ముందే రాసి పెట్టుకుంటాం. కలిస్తే పచ్చ టిక్కు పడుతుంది, కలవకపోతే ఎర్ర గుర్తు.

సున్నా శాతం ఇచ్చాను, తీసుకుంది. నూరు ఇచ్చాను, తీసుకుంది. నూటొకటి ఇస్తే, అంత నిండే ట్యాంకు లోకంలో లేదని తిప్పి పంపింది. మైనస్ ఒకటి ఇస్తే అదీ తిప్పి పంపింది. అంకె బదులు అక్షరాలు ఇచ్చాను, మర్యాదగా వద్దంది. ఏమీ ఇవ్వకుండా ఖాళీ పంపాను. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు, ఖాళీని సున్నా అనుకుంటారు. ఖాళీ అంటే సున్నా కాదు, తెలియదు అని. హారిస్ రాసిన సంచీ చక్కగా 'తెలియదు' అంది. వరసగా పచ్చ టిక్కులు. నాకు లేచి మెట్లెక్కి అతని జుట్టు చెరిపి రావాలనిపించింది. పద్ధతి గుర్తొచ్చి కూర్చున్నాను.

చివరగా ఒక్కటి మిగిలింది. 100 అన్న విలువ, 100.0 అన్న విలువ, రెండూ సమానమేనా? అవును, అని జవాబు రాసిపెట్టి మీట నొక్కాను.

ఎర్రగా వచ్చింది.

మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఎరుపే. హారిస్ రాసిన విలువకు ఆ రెండూ వేరువేరు.

పద్ధతి ప్రకారం ఏమీ మాట్లాడకుండా పరీక్షలన్నీ పైకి ఎక్కించి, కింద రాశాను: హారిస్, చివరిది తప్పింది. బెల్లం రుచి ఈసారి రాలేదు.

కాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడు. లాప్‌టాప్ చంకలో పెట్టుకొని దిగాడు. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి. మధ్యాహ్నం ట్యాంకుకు కొత్త సెన్సరు బిగించేటప్పుడు అంటిన మట్టి మోచేతి మీద ఇంకా అట్లాగే ఉంది.

"ఫర్హీన్, నీ చివరి టెస్టు తీసెయ్."

"ఎందుకు తీయాలె?"

"తప్పు కాబట్టి. నా కోడు మంచిగనే ఉంది. నీ ప్రశ్ననే మంచిగ లేదు."

ఎర్ర గుర్తు పడితే తప్పు రెండు చోట్ల ఎక్కడైనా ఉండవచ్చు, ప్రోగ్రాంలో లేదా పరీక్షలో. కాబట్టి అతను అన్నదాంట్లో మర్యాద తప్పిందేమీ లేదు. అయినా నాకు ముక్కు చివర వేడెక్కింది.

"నూరు, నూరు పాయింటు సున్నా, ఒకటే కదా. చిన్న పిల్లలకు కూడ తెలుసు."

"చిన్న పిల్లలకు తెల్వకనే అట్లంటరు. అబ్బాను అడుగు."

అబ్బా అంటే మా మామగారు చాంద్‌పాషా. గ్రానైట్ యార్డులో పలకలు కొలిచే పని చేసి రిటైరయ్యారు. ఇప్పటికీ కొత్త ఇంటికి పోతే ముందు గడప రాయిని జానతో కొలుస్తారు, తర్వాతే సలాం చెప్తారు. వసారాలో పేపరు చదువుతున్న ఆయన తన మాట రాగానే పేపరు మడిచి లోపలికి వచ్చారు. చర్చ అంటే ఆయనకు రెండో చాయ్‌తో సమానం.

"చెప్పుర్రి అబ్బా," అన్నాడు హారిస్. "మూడు పాయింటు రెండు మీటర్లు, మూడు పాయింటు రెండు సున్నా మీటర్లు, ఒకటేనా?"

"ఎట్లయితది?" అన్నారు మామగారు కూర్చుంటూ. "మూడు పాయింటు రెండు అని రాసినోడు ఉజ్జాయింపుగ జూసిండు. రెండు సున్నా అని రాసినోడు టేపు పట్టి సెంటీమీటరు దాక కొలిచిండు. ఆ సున్నా లేకుంట రాసిస్తే కొనేటోడు పలకను వాపస్ పంపుతుండె. వీనికి చిన్నప్పుడే చెప్పిన, చివరి సున్నాను పారేయకు బేటా అని."

"ఇన్నవా?" అన్నాడు హారిస్ నా వైపు తిరిగి. "అందుకే నేను రెండిటిని వేరే పెట్టిన. మరిచిపోయి కాదు, తెలిసే పెట్టిన."

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో అతను నాకు చాలా నచ్చాడు. ఎవరైనా ఇలాంటి తప్పు చేస్తే అజాగ్రత్త అనుకుంటాం. ఇతను నాన్న చెప్పిన మాటను పొట్లం కట్టుకొని తెచ్చి ప్రోగ్రాంలో పెట్టుకున్నాడు. ఇంత ముద్దొచ్చే తప్పును ఎర్ర గుర్తు పెట్టి వదిలేయడానికి మనసు రాలేదు. కానీ పచ్చ టిక్కు పెట్టడానికి కూడా రాలేదు. ఇద్దరి వైపూ చూశాను. తండ్రీ కొడుకులు ఒకే విధంగా చేతులు కట్టుకొని కూర్చున్నారు.

అమ్మీ వంటింటి గుమ్మంలోకి వచ్చింది, చేతిలో సగం తరిగిన బెండకాయ.

"కొత్త దుల్హన్‌ను మధ్యల కూసోబెట్టి ఇద్దరు ఏం ఇచారిస్తున్నరు?"

"సున్నా గురించి అమ్మీ," అన్నాను.

"సున్నాకు ఇంత మంది కావాల్నా. నాకైతే ముందు ఆ నల్లా సంగతి జూడుండ్రి. సన్నగొస్తున్నయ్ నీళ్ళు."

ఎవరూ పట్టించుకోలేదు. నేను కూడా పట్టించుకోలేదు, ఈ మాట గుర్తుంచుకోండి. నా బుర్రలో మామగారి సున్నా తిరుగుతోంది. ఆయన చెప్పింది అబద్ధం కాదు. మరి నాది కూడా అబద్ధం కాదు కదా. అప్పుడు తట్టింది.

"అబ్బా, ఒక మాట అడగనా?"

"అడుగు బేటీ."

"ఉజ్జాయింపుగ కొలిచినా, టేపు పట్టి కొలిచినా, ఆ పలక పొడుగు మారుతదా?"

"పలక ఎందుకు మారుతది? రాయి కదా."

"మరైతే ఆ సున్నా కొలిచినోళ్ళ సంగతి చెప్తుంది. రాయి సంగతి కాదు. నేను టెస్టుల అడిగింది రాయి సంగతి."

మామగారు కళ్ళద్దాలు తీసి లుంగీ అంచుతో తుడిచారు. పెళ్ళయిన తర్వాత ఆయన ముందు నేను ఇంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు. అమ్మీ బెండకాయ తరగడం ఆపింది.

"దుల్హన్," అన్నారు చివరికి, "మంచిగైంది నువ్వు మా యార్డుల లేకుంటివి. నా నౌకరి ఎప్పుడో పోతుండె."

హారిస్ మాత్రం చేతులు విప్పలేదు. "మాటలకు బాగనే ఉంది. కానీ సున్నా పోతే ఎట్ల? కొలిచినోని కష్టం కూడ పోతది కదా."

"సున్నాను ఎవరు తీయమన్నరు? ఉండనీయుర్రి. చూపించేటప్పుడు చూపించుర్రి. ఎంత సన్నగ కొలిచిన్రని ఎవరన్న అడిగితే చెప్పుర్రి. సమానమేనా అని అడిగినప్పుడు మాత్రం బరువు తూచుర్రి, ముఖం జూడొద్దు."

"ముఖం జూడకుంట నన్నెట్ల చేసుకున్నవ్?" అన్నాడు మెల్లగా, అమ్మీకి వినపడకుండా. వినపడింది. అమ్మీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను నవ్వకుండా ఆపుకొని అసలు ప్రశ్న అడిగాను. "పాత సెన్సరు నిండిన ట్యాంకును ఏమని చెప్తుండె?"

"నూరు."

"ఇయ్యాల మీరు బిగించిన కొత్తది?"

మోచేతి మీది మట్టిని ఒకసారి చూసుకున్నాడు. కొత్తది పాయింటు తర్వాత ఇంకొక అంకె దాకా చెప్తుందని మధ్యాహ్నం పెట్టె విప్పుతూ మాకందరికీ గొప్పగా చూపించింది తనే. 'నూరుతో సమానమైతే మోటరు ఆపు' అని డబ్బాలో రాసింది కూడా తనే.

"నూరు పాయింటు సున్నా," అన్నాడు.

"అంటే మోటరు ఆగుతదా, ఆగదా?" అంది అమ్మీ. ఇంతసేపటి చర్చలో ఆమెకు కావలసింది ఈ ఒక్క ముక్కే.

"ఆగదమ్మీ."

అతను నా పక్క కుర్చీ లాక్కొని కూర్చొని లాప్‌టాప్ తెరిచాడు. మార్చింది ఒక్క వరుస. రాసిన తీరును పోల్చే చోట విలువను పోల్చమన్నాడు. సున్నాను పారేయలేదు, పక్కన జాగ్రత్తగా దాచాడు, అడిగితే చూపించడానికి. నేను మీట నొక్కాను. పచ్చ, పచ్చ, పచ్చ, చివరిది కూడా పచ్చ. బల్ల కింద అతని కాలి బొటనవేలు నా కాలిని తాకింది. మామగారు పేపరు విప్పుకున్నారు, తలకిందులుగా పట్టుకొని.

"ముందు పెద్దపల్లికి పంపుత," అన్నాడు హారిస్. "సార్ పొద్దున అక్కడ కూడ గీ సెన్సరే బిగించిండు. రేపు వాళ్ళింట్ల ఫంక్షన్. నీళ్ళు పొర్లి టెంటు తడిస్తే మన కంపెనీ పేరు పోతది."

పెద్దపల్లిలో వినోద గారి ఇల్లు మా కంపెనీకి దొరికిన మొదటి బయటి ఇల్లు. వాళ్ళ అమ్మాయి భవ్యశ్రీ నిశ్చితార్థం రేపే. హారిస్ మీట నొక్కాడు. కొత్త ప్రోగ్రాం కరీంనగర్ నుంచి పెద్దపల్లికి, బస్సు ఎక్కకుండా, టికెట్టు తీసుకోకుండా పోయి చేరింది. చేరినట్టు జవాబు కూడా వచ్చింది. ఇది ఎన్నిసార్లు చూసినా నాకు మొదటిసారి చూసినట్టే ఉంటుంది.

"ఇగ మన ఇంటి డబ్బాకు," అని మళ్ళీ మీట మీద వేలు పెట్టినవాడు ఆగిపోయాడు. చెవులు రిక్కించాడు.

మోటరు నడుస్తోంది. ఎప్పటి నుంచి నడుస్తోందో, మా పనిలో ఎవరికీ వినపడలేదు.

"ఎవరు ఏసిన్రు?"

"నేనే ఏసిన," అంది అమ్మీ. "నల్లాల సన్నగొస్తున్నయ్ అంటే ఒక్కలన్న ఇన్నరా? అంతా పచ్చగైంది కదా, ఇగ ఆగుతదనుకొని ఏసి వచ్చిన."

హారిస్ ఫోను తీశాడు. ట్యాంకు బొమ్మ నీలంగా, అంచు దాకా నిండి ఉంది. దాని కింద అంకె: 100.0.

అమ్మీ చేతిలో బెండకాయ బల్ల మీద పడింది. "నా గుడ్లు," అంది. అరవలేదు, అంతే అంది. హారిస్ గోడ దగ్గరికి ఒక్క అంగలో పోయి స్విచ్చు ఆపాడు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు ఎక్కాను. వెనక మామగారి చేతికర్ర చప్పుడు.

మెట్ల మీద నా మనసులో ఒకటే బొమ్మ, తడిసి ముద్దయిన గంప, చల్లబడిపోయిన గుడ్లు. ఈ ఇంట్లో నేను మొదటిసారి గెలిచిన మాట, అది గెలిచేసరికే ఆలస్యమైపోయిందని.

డాబా మీద ఎండ వాలిపోయి గచ్చు వెచ్చగా ఉంది. పైపు మూతి దగ్గర చూశాను. పొడిగా ఉంది. గంప పొడిగా ఉంది. నల్లకోడి ఈకలన్నీ ఉబ్బించుకొని కూర్చొని, ఎవరు మీరంతా అన్నట్టు ఒక కన్నుతో చూసింది. దాని రెక్క కింద నుంచి సన్నగా ఒక కీచు వినిపించింది. వంగి చూశాను. ఒక గుడ్డు మీద గోరంత పగులు, అందులోంచి ముక్కు కొన.

"అమ్మీ, పిల్ల లేస్తుంది," అన్నాను. అమ్మీ నా పక్కన కూలబడి నా చేయి పట్టుకుంది. చేతికి బెండకాయ జిగట. ఆ జిగటతోనే పట్టుకొని వదల్లేదు.

హారిస్ మాత్రం గంప వైపు చూడటం లేదు. నిచ్చెన ఎక్కి ట్యాంకు మూత తీశాడు. చాలాసేపు లోపలికే చూస్తూ ఉన్నాడు.

"ఏమైంది బేటా?" అన్నారు మామగారు.

"సగమే ఉన్నయ్ అబ్బా."

"ఏంది సగం?"

"నీళ్ళు. సగం కూడ లెవ్వు."

నేను అతని ఫోను అడిగి తీసుకున్నాను. 100.0. అతను సెన్సరును నీళ్ళ మీది నుంచి పక్కకు తిప్పి ట్యాంకు గోడ వైపు పెట్టాడు. 100.0. చేతితో పూర్తిగా మూశాడు. 100.0. సెన్సరు నీళ్ళను చూడటం లేదు. చూడకుండానే, పాయింటు తర్వాతి సున్నాతో సహా, ఎంతో సన్నగా కొలిచినట్టు చెప్తోంది. నా పరీక్షల్లో ఖాళీ వస్తే 'తెలియదు' అనాలని రాశాను. తెలియనిది తెలిసినట్టు చెప్తే ఏం చేయాలో రాయలేదు.

"మనం పంపిన కోడు ఈ డబ్బాల ఉంటే," అన్నాడు హారిస్ నిచ్చెన మీది నుంచే, "మోటరు ఏసిన మరుక్షణమే ఆగిపోతుండె. నీళ్ళే ఎక్కకపోతుండె."

మామగారు కర్రను రెండు చేతులతో పట్టుకొని నిలబడ్డారు. "దుల్హన్, చివరి సున్నా కొలిచినోళ్ళ సంగతి చెప్తుందంటివి," అన్నారు. "మరి దీన్ని కొలిచింది ఎవరు?"

నా చేతిలో హారిస్ ఫోను మోగింది. పెద్దపల్లి వినోద గారు. స్పీకరు నొక్కాను. వెనక గిన్నెల చప్పుడు, చుట్టాల మాటలు, ఎవరో వంటాయనను పిలుస్తున్నారు.

"తమ్మీ, ఇప్పటిదాక మంచిగనే నడిచింది," అంటోంది ఆమె. "గిప్పుడే ఏమైందో, మోటరు ఏస్తే ఆగుతుంది, మళ్ళ ఏస్తే మళ్ళ ఆగుతుంది. డ్రమ్ములన్నీ ఖాళీగున్నయ్. ఫోన్ల జూస్తే ట్యాంకు నిండిందని జూపెడుతుంది. జర ఏంది సంగతి?"

హారిస్ నిచ్చెన మీది నుంచి నా వైపు చూశాడు. గంపలో పిల్ల మళ్ళీ కీచుమంది. కింద భోజనాల బల్ల మీద, తెరిచి వదిలేసి వచ్చిన నా లాప్‌టాప్‌లో, పచ్చ టిక్కులన్నీ అట్లాగే ఉండి ఉంటాయి, ఒక్కటి కూడా తప్పకుండా.